చెరువు బురదలో ఊదారంగు జీవులు

మొయినాబాద్ దగ్గర హిమాయత్‌సాగర్ ఉంది. చేవెళ్ల వైపు చిన్న చెరువులున్నాయి. ఒడ్డున బురదను కర్రతో కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. అది ఉండి, ఎండ కూడా తగిలేచోట ఊదారంగు బాక్టీరియా నివసించవచ్చు. ఇవి మొక్కల్లాగే వెలుతురుతో బతుకుతాయి కాని ఆక్సిజన్‌ను విడుదల చేయవు.

వేలరకాల జీవులలో వీటిని వేరుచేయడం ఎలా? కొంచెం బురదను తగిన లవణ ద్రావణంలో వేసి, గాలి చొరకుండా సీసా మూసి, దీపం ముందు ఉంచుతారు. కొన్నాళ్లకు ద్రావణం ఎర్రబడుతుంది. దాన్ని పదిరెట్లు, నూరురెట్లు, వేయిరెట్లు పలుచన చేస్తూ కరిగిన అగర్‌లో కలుపుతారు. అప్పుడు ఒక్కొక్క కణం పెరిగి విడిగా ఒక చుక్కలా కనిపిస్తుంది. ఒక చుక్కను తీసి మళ్లీ అదే పని, మళ్లీ అదే పని! ఓపిక లేనివారికి ఇది పనికిరాదు.

ఒకే రకం మిగిలాక అసలు చిక్కు వస్తుంది. ఇది కొత్తదా, పాతదా? సూక్ష్మదర్శినిలో చూస్తే తేలదు. కడ్డీల్లా ఉండేవి ఎన్నో! అందుకే '16ఎస్' అనే జన్యువును తెలిసిన జాతులతో పోల్చుతారు. పోలిక 98.7 శాతం కన్నా తక్కువైతే కొత్త జాతి కావచ్చు. అంతకు మించితే మొత్తం జన్యుపదార్థాన్నే పోల్చి చూడాలి.

సముద్రతీరపు నీటిలోనూ ఇటువంటివి ఉంటాయి. హైదరాబాదు శాస్త్రజ్ఞులు శశికళ, రమణల బృందం విశాఖ తీరంలో దొరికిన ఒకదానికి 2007లో 'రోడోవ్యులమ్ విశాఖపట్నమెన్స్' అని పేరు పెట్టింది. భీమిలి పేరుతో 'మారిక్రోమేషియం భీమ్లికమ్' కూడా ఉంది. అయితే ఇష్టమైన పేరు పెట్టేస్తే చెల్లదు. ఆ బాక్టీరియాను రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాలలో సజీవంగా భద్రపరచాలి. అనుమానమున్న శాస్త్రజ్ఞుడు ఎవరైనా తెప్పించుకొని పరీక్షించవచ్చు.