మీకు తెలుసా? పులికాట్ పక్కింటి ప్రోటాన్!

ఇలా దగ్గరికి రండి, ఒక మాట! సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడి తూర్పుకు చూడండి. మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు. వాటి వెనక శ్రీహరికోట. అక్కడి నుంచి లేచే పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 పై అంతస్తులో 28 టన్నుల ఇంధనం నింపుతారు. అందులో ఉండేవి రెండే: ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. అదే హైడ్రోజన్‌తో క్యాన్సర్ గడ్డను కూడా కాలుస్తారని మీకు తెలుసా?

ఏ అమెరికాలోనో కాదండోయ్! సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఎక్కండి. 80 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, ఇంకో లోకల్ పట్టుకుంటే తరమణి. అక్కడే ఉంది అపోలో ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్. దక్షిణాసియాలో ప్రోటాన్ వైద్యం మొదలైంది అక్కడే! రెండు లోకల్ రైళ్ల దూరంలో!

దాన్ని కట్టించిందెవరు? చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి! 2019 జనవరి 25న తెరిచిందెవరు? అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు, పక్కా నెల్లూరాయన! చిత్తూరాయన కట్టారు, నెల్లూరాయన తెరిచారు, ఊరు మాత్రం చెన్నై! మధ్యలో మన పులికాట్ నీళ్లు!

అరగొండ అన్నాక ఇదీ వినండి. ఆ పల్లెటూళ్లో డిష్ యాంటెన్నా పెట్టి, ఇస్రో ఉపగ్రహం సాయంతో చెన్నై డాక్టరు రోగిని చూసే ఏర్పాటు చేశారు. ఎప్పుడో తెలుసా? 2000 మార్చి 24న! ప్రారంభించింది అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్! మన చేతికి వీడియో కాల్ రావడానికి ఎన్నేళ్ల ముందో మీరే లెక్కేసుకోండి!

సరే, ప్రోటాన్ అంటే ఏమిటి? చెనక్కాయ ఒలిచినట్టు హైడ్రోజన్ పరమాణువును ఒలవండి. పొట్టు పోతుంది. ఆ పొట్టు పేరు ఎలక్ట్రాన్. మిగిలిన గింజే ప్రోటాన్! లీటరు పరిమాణం ఉన్న గడ్డకు ఒక పూట డోసు ఇవ్వాలంటే అలాంటి గింజలు సుమారు 10 వేల కోట్లు కావాలి. అబ్బో అనకండి! లెక్క ప్రకారం ఒక్క గ్రాము హైడ్రోజన్ ఉంటే చాలు, భూమ్మీద ఉన్న మనుషులందరికీ తలా ఒక డోసు పంచినా ఇంకా బోలెడు మిగిలిపోతుంది! శ్రీహరికోటలో టన్నులకు టన్నులు. తరమణిలో చిటికెడు కూడా అక్కర్లేదు!

ఎంత వేగమో తెలుసా? సెకనుకు దాదాపు 1 లక్షా 80 వేల కిలోమీటర్లు! చంద్రయాన్-3 శ్రీహరికోటలో బయల్దేరి చంద్రుడి మీద దిగడానికి 40 రోజులు పట్టింది. ఈ ప్రోటాన్‌కు దారి ఖాళీగా ఉంటే రెండు సెకన్లు, ఆ పైన రెప్పపాటు! అంతే!

అసలు వింత ఇప్పుడు చెబుతా, చెవి ఇటు పెట్టండి! అంత వేగంగా వచ్చింది ఒంట్లో ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగిపోతుంది! మామూలు ఎక్స్ కిరణం ఇటు నుంచి దూరి అటు నుంచి బయటపడుతుంది. దారిలో ఉన్న మంచి కండకూ వడ్డిస్తూ పోతుంది. ప్రోటాన్ అలా కాదు. దీపావళి తారాజువ్వ చూశారుగా! రివ్వున పోతుంది, చివర్లో భగ్గుమంటుంది, ఆ తర్వాత చీకటి. అచ్చం అలాగే! దారిలో కొద్దిగా, చివరి మిల్లీమీటర్లలో భళ్లున, ఆపైన సున్నా! పూర్తి జోరు మీద ఉన్న ప్రోటాన్ ఒంట్లో వెళ్లగలిగేది 33 సెంటీమీటర్లు. బడిపిల్లల స్కేలు కన్నా మూడు గీతలు ఎక్కువ! చంద్రుణ్ణి రెండు సెకన్లలో అందుకోగలిగినదానికి మనిషి ఒంట్లో ఒక స్కేలు దూరమే హద్దు!

వెన్ను మీద కిరణం పడుతుంటే ముందున్న గుండెకు తగలకుండా ఆపడం అంటే ఊరికే కాదు. ముఖ్యంగా చిన్న పిల్లలకు! ముందు ఇంకా 60, 70 ఏళ్ల బతుకున్న గుండె అది. పిల్లల మెదడు, వెన్ను గడ్డలకు డాక్టర్లు ప్రోటాన్ కావాలని పట్టుబట్టేది ఇందుకే!

గడ్డ గుండ్రంగా ఉండదు కదా, మరి మూలమూలకూ ఎలా పడుతుంది? మన ఆడవాళ్లను అడగండి! వాకిట్లో చుక్కల ముగ్గు ఎలా పెడతారు? అలాగే! సన్నటి ప్రోటాన్ ధారను అయస్కాంతాలు అటూ ఇటూ తిప్పుతాయి. చుక్క పక్కన చుక్క, వరస పక్కన వరస. లోపలి పొర ముగ్గు అయ్యాక జోరు కాస్త తగ్గించి పై పొర ముగ్గు. ఒక్కో గడ్డకు వేల చుక్కలు! ఒక్క చుక్క కూడా గీత దాటి పడకూడదు!

ఇంత సన్నపు పని చేసే యంత్రం బరువెంతో ఊహించండి! తరమణిలో ఉన్న రకం సైక్లోట్రాన్, అంటే ప్రోటాన్లను పరుగెత్తించే యంత్రం, 220 టన్నులు! శ్రీహరికోటలో నిలబెట్టిన పీఎస్‌ఎల్‌వీ ఇంధనంతో సహా 320 టన్నులు. అంటే మూడింట రెండు వంతుల రాకెట్టు ఒక ఆసుపత్రి గదిలో కూర్చుంది! అది ఎగరదు, అంతే తేడా!

ఒకే సైక్లోట్రాన్, గదులు మాత్రం 3! ఒకే మోటారు నుంచి మూడు మళ్లకు నీళ్లు కట్టినట్టు. ఈ గదిలో ధార ఆపితేనే ఆ గదికి! ప్రతి గది వంతు కోసం కాచుకుని ఉంటుంది!

రోగి చుట్టూ తిరిగే చట్రం ఒకటుంది. గ్యాంట్రీ అంటారు. మూడంతస్తుల ఎత్తు, వంద టన్నుల పైబడిన బరువు. గిర్రున చుట్టూ తిరిగి వచ్చినా గురి 1 మిల్లీమీటరు తప్పదు! రోగికి అదేమీ కనిపించదు. తెల్లటి గది, ఒక బల్ల, ఒక గొట్టం మూతి, అంతే! రథం గోడ వెనక దాచి గంట మాత్రం చూపించినట్టు!

మన వైపు రేడియేషన్ అనే మాట ఎవరికీ నోరు తిరగదు. "కరెంటు పెడుతున్నారు" అంటారు! "పెద్దాయనకు 35 కరెంట్లు రాశారంట" అని చెప్పుకుంటారు. మొదటి రోజు బల్ల ఎక్కేవాళ్లు చెప్పులు విడుస్తూ "షాకు కొడుతుందా నాయనా?" అని అడుగుతారు. కొట్టదు! ఆ కాసేపూ నొప్పి ఉండదు, మంట ఉండదు. ఒక పూట డోసు సాధారణంగా 2 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత). దానితో ఒళ్లు ఎంత వేడెక్కుతుందో తెలుసా? డిగ్రీలో 2 వేలో వంతు! గుక్కెడు టీ తాగితే గొంతు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది! అంత చిన్న డోసు అంత మొండి గడ్డను చంపడం! నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఎలా చంపుతుంది మరి? కణంలో డీఎన్‌ఏ రెండు పేటల తాడు. ఒక్క పూట డోసుకు ఒక్కో కణంలో దాదాపు 80 చోట్ల రెండు పేటలూ తెగుతాయి! మంచి కణం మన పులికాట్ జాలరి లాంటిది. చిరిగిన వలను రాత్రికి రాత్రి అల్లుకుని తెల్లారేసరికి సిద్ధం! క్యాన్సర్ కణానికి ఆ ఓపిక తక్కువ. చినిగిన వలతోనే రెండుగా చీలబోయి చస్తుంది. అదీ వెంటనే కాదు, రోజులు, వారాలు గడిచాక! కరెంట్లు అయిపోయాక కూడా గడ్డ కరుగుతూనే ఉండేది అందుకే!

తలకు కరెంటు పెట్టాలంటే తల కదలకూడదు. దానికో మాస్కు! రంధ్రాలున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను 70 డిగ్రీల వేడి నీళ్ల తొట్టిలో వేస్తారు. రెండు నిమిషాల్లో తడిసిన అప్పడంలా వేలాడిపోతుంది. తుడిచి, గోరువెచ్చగా ఉండగానే ముఖం మీద పరిచి, ముక్కు దగ్గర, గడ్డం కింద వేళ్లతో ఒత్తుతారు. చల్లారేసరికి మీ ముఖమే గట్టి బొమ్మయి కూర్చుంటుంది! దాన్ని బల్లకు బిగిస్తారు. చిన్న పిల్లలైతే దాని మీద స్పైడర్‌మ్యాన్ రంగులు వేయించుకుంటారు. ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు!

జలుబు చేసినా లెక్క మారుతుందంటే నమ్ముతారా? ముక్కు పక్క గదుల్లో నిన్న గాలి ఉంది, ఇవాళ చీమిడి నిండింది. ప్రోటాన్ ఆగే చోటు జరిగిపోతుంది! ఒళ్లు తగ్గినా అంతే! అందుకే డాక్టర్లు ముందే మూడు, మూడున్నర శాతం తేడా వదిలిపెట్టి గీత గీస్తారు. మధ్యమధ్యలో మళ్లీ స్కాన్ తీస్తారు. చీమిడి కూడా భౌతిక శాస్త్రమే!

ఇది వింటే కుర్చీలోంచి లేస్తారు! ప్రోటాన్లు ఒంట్లో పడ్డాక అక్కడి కొన్ని కార్బన్, ఆక్సిజన్ పరమాణువులు రూపు మారి పాజిట్రాన్లను చిమ్ముతాయి. పాజిట్రాన్ అంటే ప్రతిపదార్థం! సినిమాల్లో లోకాలను పేల్చేసే ఆ యాంటీమ్యాటరే! ఒంట్లో కాసేపు తయారవుతుంది! ఆ కార్బన్ సగం 20 నిమిషాల్లోనే అయిపోతుంది. కిరణం సరిగ్గా ఎక్కడ ఆగిందో దాన్నే పెట్ స్కాన్‌లో చూసి పట్టేయవచ్చు! ఇంటికెళ్లి మనవణ్ణి ఎత్తుకోవచ్చా అంటే, హాయిగా ఎత్తుకోండి!

ప్రోటాన్‌తో వైద్యం అనే ఈ ఊహ ఎవరిదంటారు? రాబర్ట్ విల్సన్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్తది, 1946లో! అంతకుముందు ఏం చేసేవాడనుకున్నారు? అణుబాంబు తయారీలో పనిచేసేవాడు! బాంబు పని ముగిసింది, మరుసటి ఏడే ప్రోటాన్‌తో రోగం కుదర్చవచ్చని కాగితం రాశాడు!

మొదటి రోగికి ప్రోటాన్ పడింది 1954లో, బర్క్‌లీలో. ఆసుపత్రిలో కాదు, పరమాణువులను పగలగొట్టే ప్రయోగశాలలో! ఒంట్లో లోతు గడ్డలకు సరిపడే యంత్రాన్ని ఆసుపత్రి ఆవరణలోనే పెట్టింది 1990లో, కాలిఫోర్నియా లోమా లిండాలో. మధ్యలో 36 ఏళ్లు అలాంటి రోగులే ల్యాబులకు తిరిగారు!

1895 అని ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి! ఆ ఏడు నవంబరు 8న శాస్త్రవేత్త రాంట్‌జెన్‌కు ఎక్స్ కిరణం కనిపించింది. అదే ఏడు జనవరి 12న భీమవరంలో, క్యాన్సర్ మందుల తయారీకి బాట వేసిన ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు! క్యాన్సర్‌కు కరెంటూ మందూ ఒకే ఏడు పురుడు పోసుకున్నట్టే కదా!

కిరణాన్ని బయటి నుంచి కొట్టడమే కాదు, గింజను లోపలే నాటే పద్ధతీ ఉంది! బ్రాకీథెరపీ. ఇరిడియం గింజ వడ్లగింజ కన్నా చిన్నది. సన్నటి తీగ కొసన కూర్చుని గడ్డ దాకా వెళ్లి, పని చూసుకుని వెనక్కి వస్తుంది! ఆ గింజ బలం 74 రోజులకు సగమవుతుంది. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఈ విభాగాన్ని నడిపిన డాక్టరు ఎవరో తెలుసా? కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు!

ప్రోటాన్ లేకపోతే ఇక అంతే అని ఎవరైనా భయపెడితే నమ్మకండి! చాలా క్యాన్సర్లకు మామూలు కరెంటే సరిపోతుంది. ఖర్చూ బాగా తక్కువ. తిరుపతిలో అలిపిరి దగ్గరే టాటా ట్రస్టుల వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. స్థలం టీటీడీది, 25 ఎకరాలు! 2022 మే 5న తెరిచారు. నామాల కొండ కిటికీలోంచి కనిపిస్తుండగా కరెంటు పెట్టించుకోవచ్చు!

మళ్లీ పులికాట్‌కు రండి! విశ్వం నుంచి మన మీద కురిసే కిరణాల్లో నూటికి 90 దాకా ప్రోటాన్లే! సూర్యుడు వీచే గాలి నిండా కూడా అవే. సూర్యుణ్ణి గమనిస్తూ వాటిని కూడా లెక్కపెట్టడానికి 2023 సెప్టెంబరు 2న ఈ సరస్సు పక్క నుంచి ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఇప్పుడు ప్రోటాన్లను ఎంచుతోంది! ఒడ్డుకు ఇటు వాటిని గడ్డ మీదికి వదులుతున్నారు, అటు వాటికి కాపలా కాస్తున్నారు!

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. 1969లో చంద్రుడికి వెళ్లొచ్చిన అపోలో 11 వ్యోమగామి బజ్ ఆల్డ్రిన్ ఒక వింత చెప్పాడు. చీకట్లో కళ్లు మూసుకున్నా మెరుపులు కనిపించాయట! విశ్వ కిరణాలు కంట్లోంచి దూసుకుపోవడం అది. ప్రోటాన్ బల్ల మీద పడుకున్న కొందరు రోగులూ సరిగ్గా అదే చెబుతారు! మాస్కు బిగించారు. దీపం ఆర్పారు. కళ్లు గట్టిగా మూసుకున్నారు. అయినా ఎదురుగా నీలంగా తళుక్కు! మళ్లీ తళుక్కు!