కళింగనగరమున ఒక దినము

రుషికొండ తీరమున నివసించు మాబోంట్లకు ‘రాజధాని’ యను మాట క్రొత్తది కాదు. 2019వ సంవత్సరము చివర విశాఖపట్టణమును పరిపాలనా రాజధానిగా చేయవలెనను ప్రతిపాదన వెలువడినది మొదలు, కొన్నేండ్లపాటు టీకొట్టు కడను, సముద్రపు ఇసుకలోను అదే ముచ్చట. పిదప ఆ ప్రతిపాదన వెనుకబడినది. మాట మాత్రము పిల్లల చెవులలో నిలిచిపోయినది. ఏడవ తరగతి చదువుచున్న నా మనుమడు ఒకనాడు, “తాతా, మన వైపు నిజంగా ఎప్పుడైనా రాజధాని ఉండేదా?” అని అడిగెను.

“ఉండేది. నీ యీడున నేను చూశాను” అంటిని. ఆ తొందరపాటు మాటకు మూల్యము చెల్లింపక తప్పలేదు.

ఆదివారము తెల్లవారక మునుపే బయలుదేరి, భీమునిపట్టణము మీదుగా తగరపువలస చేరి, పెద్ద రహదారి పట్టితిమి. శ్రీకాకుళము దాటి, మడపాము వంతెనపై వంశధారను దాటి, పొలముల నడుమ సాగి, పొద్దెక్కునప్పటికి శ్రీముఖలింగము చేరితిమి. చిన్ననాడు మా మాస్టారు మమ్ము ఆ చివరి దారి అంతయు నడిపించెను. అరటియాకులలో కట్టిన పులిహోర వాసన ఇప్పటికిని నాకు జ్ఞాపకమే. ఊరి మొదటనే సోమేశ్వరాలయ శిఖరము, ముందు మండపమైనను లేక, ఒంటిగా నిలిచియున్నది. అప్పుడు అది ఆకాశమును తాకుచున్నట్లుండెను. ఇప్పుడు ఒకింత కురుచయైనట్లు తోచినది. పెరిగినది నేనే కాబోలు!

మధుకేశ్వరుని దర్శించి వచ్చిన వెంటనే మావాడు, “కోట ఏది తాతా?” అనెను.

కోట లేదు. గాంగరాజులు తామ్రశాసనములను వెలువరించిన కళింగనగరము ఇదియే. అయిదారు శతాబ్దములు రాజ్యమేలిన చోట నేడు మూడు గుడులు, ఒక పల్లె, ఏరు మిగిలినవి. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్కళమును జయించి, 12వ శతాబ్దమున రాజధానిని కటకమునకు తరలించెను. పూరీ జగన్నాథాలయమును ఆరంభించినవాడు అతడే. మన సింహాచలాలయమును 13వ శతాబ్దమున పునర్నిర్మించినదియు ఆ వంశమువారే. రాజు పోయిన దారిని కొలువుకాండ్రును, వర్తకులును పోయిరి. ఇప్పచెట్టున వెలసినాడని శబరులు చెప్పుకొను శివుడు మాత్రము కదలలేదు.

కళింగనగరము సముద్రతీరమందలి కళింగపట్టణమేయని కొందరు పండితులు వాదించిన కాలమున, ఈ పల్లెయే అది యని శాసనములను సాక్ష్యముగా నిలిపినవాడు ఒక బడిపంతులు. పర్లాకిమిడిలో చరిత్ర బోధించుచుండిన గిడుగు రామమూర్తి, గురువు లేకయే పాత లిపులు నేర్చి, ఈ రాళ్ళను చదివెను. శబరుల భాషను నేర్చి వ్యాకరణమును (1931), నిఘంటువును (1938) కూర్చినదియు ఆయనయే. వ్యావహారికమునకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి నేనిట్లు గ్రాంథికపు వాసనతో వ్రాయుట చూచినచో ఆయన నవ్వెడివాడో, కోపించెడివాడో!

ఇంతవరకు నా ఉపన్యాసము సాఫీగా సాగినది. అంతలో మావాడు గోడపై అక్షరముల వరుస చూపి, “చదవండి తాతా” అనెను.

నేను చదువలేకపోతిని. ముప్పది యేండ్లు తెలుగు బోధించితిని; ఛందస్సు చెప్పితిని, వ్యాకరణము చెప్పితిని. చిన్ననాడు ఈ గుడిలోనే మా మాస్టారు ఒక పంక్తి చదివి వినిపించి, “తీరిక చేసుకొని నేర్చుకోరా” అనిన మాట తటాలున గుర్తునకు వచ్చినది. అరువది యేండ్లలో ఆ తీరిక దొరకలేదు. మనుమని ముఖము చూడలేక, “నాకు రాదురా” అంటిని.

వాడు నొచ్చుకొనలేదు. నోటుపుస్తకము తీసి, నేలపై చతికిలబడి, కనిపించిన గీతనెల్ల కనిపించినట్లే దింపసాగెను. నేనును ప్రక్కన కూర్చుంటిని. కొంతసేపటికి వాడు ఒక్కచోట పెన్సిలు ఆపి, “ఇది ‘గ’ కాదూ?” అనెను. కన్నులద్దములు తుడిచి చూచితిని. ‘గ’యే. దాని ప్రక్కన సున్న. సున్న ప్రక్కన మరల ‘గ’.

“గంగ!” అని వాడు కేక వేసెను. గర్భాలయము నుండి అర్చకులు తొంగిచూచి, తలుపులు వేయు వేళయైనదనిరి. పంక్తిలో ఇంకను సగము మిగిలియున్నది.