ఇరవై కిలోల బడిబండి

భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2014లో పోలవరం ముంపు పేరు చెప్పి పాత ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను అటు కలిపినప్పుడు పడ్డ గీత ఇది. సైకిల్ తొక్కుకుంటూ పోయే పిల్లకు ఆ గీత ఎక్కడుందో కూడా తెలియదు.

బడికి ఎలా పోవాలన్న ప్రశ్నకు మాత్రం గీతకు అటొక జవాబు, ఇటొక జవాబు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచింది. తెలంగాణ 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లందరికీ ప్రయాణం ఉచితం చేసింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది. మంచిదే. అయితే బస్సు రోడ్డున్నంత మేరే వస్తుంది. బస్సు ఆగే చోటికీ గూడేనికీ మధ్య మిగిలే మూడు నాలుగు కిలోమీటర్లు సైకిల్ వంతు.

ఆ సైకిల్ మొదట పుట్టినప్పుడు దానికి పెడలే లేదు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే అధికారి ఒక కర్ర దూలానికి రెండు చక్రాలు బిగించి, మధ్యలో కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయాడు. 1860ల్లో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి. అక్కడొక చిక్కు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. జోరు కావాలంటే చక్రం పెద్దది కావాలి. అలా పెరిగి పెరిగి ముందు చక్రం మనిషి భుజాల ఎత్తుకు వచ్చింది. గులకరాయి తగిలితే చాలు, ఎక్కినవాడు తలకిందులుగా పడేవాడు.

1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ఆ ఎత్తును చైనుతో దించేశాడు. పెడల్ దగ్గర 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక్కసారి తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. మన 28 అంగుళాల చక్రం చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు కాబట్టి, ఒక్క తొక్కుకు అయిదు మీటర్లకు పైగా దూరం పోతుంది. భుజాలెత్తు చక్రం చేసిన పనిని నడుమెత్తు చక్రం చేసిపెట్టింది. ఆ తర్వాత మూడేళ్లకు బెల్ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ కొడుకు మూడుచక్రాల బండికి గాలి నింపిన టైరు తొడిగాడు. చెప్పాలంటే, పంక్చరు పుట్టిందీ ఆ రోజే.

మన్యం సంతల దగ్గర పంక్చరు షాపులో కాసేపు నిలబడితే ఈ చరిత్రంతా విడివిడి ముక్కలుగా కనబడుతుంది. గాలి కొట్టిన ట్యూబును తొట్టిలో ముంచితే చిల్లున్న చోట బుడగలు లేస్తాయి. అక్కడ ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ పూసి, ఆరనిచ్చి ముక్క అతికిస్తారు. వీల్ బెండు తీసేటప్పుడు మెకానిక్ ఒక్కో పుల్లను వేలితో మీటి చూస్తాడు. బిగువున్న పుల్ల ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. ఇరుసు వాటి మీద నిలబడి ఉంటుందని అనుకుంటాం గానీ, పుల్లలన్నిటినీ ముందే లాగి బిగించడం వల్లే అంత సన్నని తీగలు మనిషినీ, క్యారియర్ మీది బియ్యం మూటనూ మోస్తున్నాయి.

బడికి పోయే పిల్లకు ఈ యంత్రం మిగిల్చేది ఒంట్లో సత్తువ. 1973లో ఎస్.ఎస్. విల్సన్ అనే పరిశోధకుడు వేసిన లెక్క ప్రకారం, నడకలో ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతుతోనే అంతే దూరం సైకిల్ మీద పోవచ్చు. అయిదు కిలోమీటర్ల నడకకు గంట దాటుతుంది. సైకిల్‌కు అరగంట చాలు.

దీనివల్ల చదువు పెరుగుతుందా? బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చాక ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ లెక్కలు తీశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలో ఫలితం ఇంకా బాగా కనబడింది.

అయితే మన దేశంలో ఎక్కువగా తిరిగిన నల్ల సైకిల్ పిల్లల కోసం పుట్టింది కాదు. 1956లో లూధియానాలో మొదలైన హీరో వంటి కంపెనీలు అమ్మిన ఆ బండి ఇరవై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, పెద్దవాళ్ల కాళ్లకు, పెద్ద మూటలకు సరిపోతుంది. సీటెక్కితే కాళ్లందని పిల్లలు అడ్డరాడ్ కింది నుంచి కాలు దూర్చి, ఒళ్లు ఒక పక్కకు వంచి, బండిని ఇంకో పక్కకు వాల్చి తొక్కుతారు. తెలంగాణలో దీన్ని కైంచి తొక్కుడంటారు. సైకిల్ పడిపోకుండా ఎలా నిలుస్తుందన్న ప్రశ్న మీద 2011లో కూడా ‘సైన్స్’ పత్రికలో కొత్త పరిశోధన వచ్చింది. కైంచి పిల్లలు ఆ నిలకడను మోచేతులు గీరుకుని నేర్చుకుంటారు. అడ్డరాడ్ లేని లేడీస్ సైకిల్ ఇవ్వడం ఆడపిల్లలకే కాదు, పొట్టి పిల్లలందరికీ మేలే.

యంత్రం బాగున్నా దారి బాగుండాలి కదా. కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు పోయే 30వ నంబరు జాతీయ రహదారిపై లారీలు ఆగవు. నెదర్లాండ్స్ ఈ చేదును ముందే చూసింది. 1971లో అక్కడి రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల హత్య ఆపండి’ అని ఉద్యమం నడిపారు. ఈనాడు అక్కడ కనబడే విడి సైకిల్ దారుల వెనక ఆ ఒత్తిడి ఉంది. మన దగ్గర తెల్లగీతకు అవతల ఉన్న మట్టి అంచే సైకిల్ దారి.

వానాకాలం వస్తే ఆ అంచు బురదవుతుంది, లోపలి దారుల్లో వాగులు పొంగుతాయి. నీళ్లు తగ్గి మోకాలి లోతుకు వచ్చేదాకా పిల్లలు గట్టు మీద ఆగుతారు. తర్వాత పుస్తకాల సంచి ఒకరికిచ్చి, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించి, చెరో చక్రం పట్టుకుని ఆ ఇరవై కిలోలనూ అవతలి ఒడ్డుకు మోసుకుపోతారు.