పెరటి చెట్టు పాట

మన సరిహద్దు జిల్లాల ఇళ్లలో పాట రెండు భాషల్లో వినిపిస్తుంది. హిందూపురం కానివ్వండి, మడకశిర కానివ్వండి, అటు బాగేపల్లి, చింతామణి, బళ్లారి కానివ్వండి, పొద్దున్న కన్నడ భావగీతం వింటాం, సాయంత్రం తెలుగు సినిమా పాట వింటాం. ఇంత అదృష్టం అందరికీ ఉండదు. అయినా ఒక్కసారి లెక్క వేసి చూడండి. మనం ఏడాది పొడుగునా వినే పాటలు ఎన్ని? ఏ నూరో, నూట యాభయ్యో. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. "ఈ కాలపు పాటల్లో ఏముందండీ, అంతా చప్పుడు" అంటారు పెద్దవాళ్లు. "పాత పాటలు వింటే నిద్ర వస్తుంది" అంటారు పిల్లలు. ఇద్దరూ చేసే పొరపాటు ఒక్కటే. తమ చెవిన పడినంతే సంగీతం అనుకుంటున్నారు.

నలుగురూ నడిచే బాటకు కాస్త పక్కగా, పాతదీ కొత్తదీ, చాలా సంగీతం ఉంది. దాన్ని ఎలా వెతుక్కోవాలి, దొరికాక ఎలా వినాలి అన్నది ఈనాటి విషయం. ఇందుకు బెంగళూరు నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చదువుకో, ఆస్పత్రికో, ఉద్యోగానికో మనలో చాలామంది వెళ్లి వచ్చే పట్నమే కదా అది.

వెతకడానికి పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు. నూలు ఉండ చిక్కుపడితే ఏం చేస్తాం? ముందు ఒక కొస పట్టుకుంటాం. సంగీతంలోనూ అంతే. తెలిసిన ఒక్క పాట కొస పట్టుకుని తెలియని పాట దగ్గరకు పోవాలి. మనందరికీ తెలిసిన కొస ఒకటి చెబుతాను. త్యాగరాజస్వామి కీర్తన. ఈ కొసను పట్టుకుని మొదట వెనక్కి వెళదాం.

త్యాగరాజస్వామికి తిరువయ్యారులో కావేరి ఒడ్డున సమాధి మందిరం ఉంది. దాన్ని సొంత డబ్బుతో కట్టించినావిడ పేరులోనే బెంగళూరు ఉంది. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టి, బెంగళూరులో పేరు తెచ్చుకుని, తర్వాత మద్రాసు చేరింది. తెలుగు, కన్నడం, సంస్కృతం నేర్చిన విదుషి. ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించిందీ ఆమే. తిరువయ్యారు మందిరానికి 1925లో ప్రతిష్ఠ జరిగింది. అయితే అప్పట్లో ఆ ఆరాధనలో ఆడవాళ్లు పాడటానికి లేదు. గుడి కట్టించిన మనిషికే పాడే హక్కు లేదన్నమాట! అందుకని ఆమె తోటి కళాకారిణులను కూడగట్టి ఆడవాళ్ల ఆరాధన వేరుగా జరిపించింది. కొన్నేళ్ల తర్వాత గానీ రెండూ ఒకటి కాలేదు.

నాగరత్నమ్మ గొంతు గ్రామఫోన్ ప్లేట్లకు ఎక్కింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. అప్పుడు పాడిన తొలి గాయకుల్లో ప్రసిద్ధురాలు గౌహర్ జాన్. ఆమె చివరి రోజులు మన పక్కనున్న మైసూరులోనే గడిచాయి. 1928లో ఆస్థాన విద్వాంసురాలిగా చేరి 1930లో అక్కడే కన్నుమూసింది. ఆ తొలి రోజుల్లో పేరున్న విద్వాంసులు చాలామంది యంత్రం ముందు పాడటానికి జంకారు. ధైర్యంగా ముందుకు వచ్చింది ఎక్కువగా కళావంతుల ఇళ్ల ఆడవాళ్లే. సభల్లో గౌరవం తక్కువైన గొంతులు లక్క ప్లేట్ల మీద మిగిలాయి. బాట పక్కకు నెట్టేసిన సంగీతం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆ ప్లేట్లే మొదటి జవాబు.

ఆ ప్లేటు సంగతి కూడా కాస్త తెలుసుకుంటే వినడం సులువవుతుంది. లక్క, రాతిపొడి కలిపి చేసిన బిళ్ల అది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల ప్లేటులో ఒక పక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాల పాటే. గంట సేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో కుదించాలి. అందుకే పాత ప్లేట్లలో పాట పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. 1925 ప్రాంతంలో విద్యుత్ రికార్డింగు వచ్చే దాకా మైకు లేదు. పెద్ద బాకా ముందు నిలబడి గొంతెత్తి పాడాలి. పాట ముగిశాక గాయని తన పేరు తానే చెప్పుకునేది. ఎందుకంటే మొదట్లో ఆ ప్లేట్లు తయారయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. పాడింది ఎవరో అక్కడివారికి తెలియాలి కదా! ఇవన్నీ తెలియక వింటే గరగర శబ్దమే వినిపిస్తుంది. తెలిసి వింటే ఆ గరగర వెనక ఒక మనిషి కనిపిస్తుంది.

బెంగళూరు పాత పేటలో ఆదివారం సంతకు వెళితే పాత సామాన్ల మధ్య ఇలాంటి ప్లేట్లు ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతాయి. మీ అటక మీదా ఉండవచ్చు. ఉంటే రెండు జాగ్రత్తలు. స్పిరిట్‌తో తుడవకండి, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టి ఉంచండి. ఎల్.పి. రికార్డు వాయించే సన్న ముల్లు దీనికి సరిపోదు, దీని గాడి వెడల్పు. ప్లేటు దొరకకపోయినా బాధ లేదు. బెంగళూరు చరిత్రకారుడు విక్రమ్ సంపత్ నెలకొల్పిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ అనే సంస్థ వేల కొద్దీ పాత పాటలను కంప్యూటర్‌కు ఎక్కించి, అందరూ ఉచితంగా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టింది.

ఇక అదే కొసను పట్టుకుని కాస్త పక్కకు వెళదాం. త్యాగరాజ కీర్తనకు పక్కవాద్యం ఏమిటి? వయొలిన్. అది మనది కాదు, పడమటి దేశాల నుంచి వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితులు వంటివారు దాన్ని చేతబట్టినప్పుడు అదీ వింత వాద్యమే. ఈనాడు అది లేని కచేరీని ఊహించలేం. మైసూరు చౌడయ్యగారు మరో అడుగు వేశారు. మైకులు లేని సభల్లో వెనక వరుసవారికి కూడా వినపడాలని వయొలిన్‌కు ఏడు తంతులు కట్టారు. ఈనాడు బెంగళూరులో వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య స్మారక భవనం ఆయన పేరు మీదదే. 1980లో తెరిచారు. కాబట్టి సంప్రదాయం అని మనం దండం పెట్టేది కూడా ఒకప్పుడు ఎవరో చేసిన కొత్త ప్రయత్నమే.

వయొలిన్ మన దగ్గరకు వచ్చింది. మన మృదంగం వారి దగ్గరకు పోయిన కథ కూడా బెంగళూరులోనే ఉంది. టి.ఎ.ఎస్. మణి అనే మృదంగ విద్వాంసుడు 1964లో ఇక్కడ కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ స్థాపించారు. భార్య ఆర్.ఎ. రమామణి గాయని. అమెరికా నుంచి ఛార్లీ మరియానో అనే శాక్సఫోన్ విద్వాంసుడు వచ్చి వీరితో కలిశాడు. జాజ్ సంగీతంలో పండిపోయిన ఆ మనిషి మన నాదస్వరం కూడా నేర్చుకున్నాడు. వీరంతా కలిసి చేసిన 'జ్యోతి' అనే రికార్డు 1983లో జర్మనీలోని ఇ.సి.ఎం. సంస్థ విడుదల చేసింది. జాజ్ ఎక్కడ, కర్ణాటక సంగీతం ఎక్కడ, ఎలా పొసగింది అని మీరు అడగవచ్చు. రెండింటికీ ప్రాణం ఒక్కటే, మనోధర్మం. రాగం హద్దుల్లో, తాళం లెక్కలో అప్పటికప్పుడు అల్లుకుపోవడం మన పద్ధతి. ఒక స్వరమేళాల వరుస చుట్టూ అప్పటికప్పుడు అల్లుకుపోవడం జాజ్ పద్ధతి. మొదటిసారి వినేటప్పుడు అంతా ఒకేసారి పట్టుకోవాలని చూడకండి. ఒకసారి మృదంగం ఒక్కటే వినండి. రెండోసారి శాక్సఫోన్ ఒక్కటే వినండి. మూడోసారి వింటే వారిద్దరూ మాట్లాడుకుంటున్నట్టు తెలుస్తుంది.

ఇప్పుడు ముందుకు, ఈ కాలానికి వద్దాం. బెంగళూరులో 2003లో 'అగం' అనే బృందం మొదలైంది. ఉద్యోగాలు చేసుకుంటూ సాధన చేసిన కుర్రాళ్లు. గిటార్లు, డ్రమ్ములతో కర్ణాటక కృతులు పాడతారు. హరీశ్ శివరామకృష్ణన్ ముఖ్య గాయకుడు. నళినకాంతి రాగంలో త్యాగరాజస్వామి చేసిన 'మనవ్యాలకించరాదటే' కృతిని వీరు 2017 నాటి ఆల్బంలో పాడారు. ఈ పేరు విని కొందరు పెద్దలు చెవులు మూసుకుంటారు. నేను చెప్పేది ఒకటే. అదే కృతిని మొదట ఒక పాత విద్వాంసుని గొంతులో వినండి. వెంటనే దీన్ని వినండి. మీ ఇంట్లో కుర్రవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు నచ్చకపోవచ్చు. కానీ ఎందుకు నచ్చలేదో చెప్పగలిగితే రెండు పాటలూ మీకు ఇంతకు ముందు కన్నా బాగా తెలిసినట్టే. కుర్రవాడికేమో, పాతది ఒకటి ఉందని తెలుస్తుంది.

వాద్యాలను చేత్తో ముట్టుకుని వాయించి చూడాలని పిల్లలు అడిగితే, జె.పి. నగర్‌లో 2019లో తెరిచిన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అనే సంగీత ప్రదర్శనశాలకు తీసుకువెళ్లండి. పెద్దలకూ పొద్దు తెలియదు.

ఇంతవరకు పట్నం మాట. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఉంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు అన్న సామెతా ఉంది. పట్నం దాకా పోయి వింత సంగీతం వెతుక్కునేవాళ్లం మన పెరట్లో చూసుకుంటున్నామా?

త్యాగరాజస్వామి తిరువయ్యారులో కీర్తనలు చేస్తున్న రోజుల్లోనే, బెంగళూరుకు ఈ పక్కన, చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకుని బతికిన నారాయణప్ప తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు కట్టి పాడాడు. మనం భక్తిగా కైవారం తాతయ్య అంటాం. అమరనారేయణ శతకం ఆయనదే. శిడ్లఘట్ట పక్క పిండిపాపనహళ్లి మునివెంకటప్పగారు తమటె వాయిస్తారు. మన వైపు పలక అంటాం. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో జాతరకో చావుకో తప్ప పిలవని వాద్యం దేశ రాజధాని దాకా వెళ్లింది.

బళ్లారి వైపు దరోజి ఈరమ్మ పేరు విన్నారా? బుర్రకథ ఈరమ్మ అనేవారు. తెలుగు ఇంటిభాషగా ఉన్న బుడగ జంగాల బిడ్డ. అక్షరం రాదు. కుమారరాముడు, బాలనాగమ్మ, ఇలా 12 పెద్ద కథలు నోటికి వచ్చు. అచ్చు వేస్తే 7,000 పుటలని లెక్క కట్టారు. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం వచ్చింది. కొన్ని కథలను పండితులు ఆమె నోట విని రాసుకున్నారు. 2014 ఆగస్టులో ఈరమ్మ కన్నుమూసింది. రాసుకున్నవి మిగిలాయి. అయితే పుటల మీద మాటలు ఉంటాయి గానీ గొంతు ఉండదు కదా.

ఈరమ్మకు పేరు వచ్చింది కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. పేరు రాని ఈరమ్మలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. నాట్లేసేటప్పుడు పాడే అవ్వ, సుబ్బి గొబ్బెమ్మ పాటలు వచ్చిన పెద్దమ్మ, రాత్రంతా భజన నడిపే తాత. ఇవాళ ప్రతి ఇంట్లో రికార్డు చేసే ఫోను ఉంది. ఒక పని చేయండి. ఫ్యాను ఆపండి, తలుపు వేయండి, ఫోను మూరెడు దూరంలో పెట్టండి. "అవ్వా, నీ పాట దాచుకుంటాం, పాడతావా?" అని అనుమతి అడగండి. తొందర పెట్టకండి, మరిచిపోతే గుర్తు వచ్చే దాకా ఆగండి. ఆ పాట ఎవరు నేర్పారో, ఏ పనిలో పాడేవారో అడిగి అదీ రికార్డు చేయండి.

చివర, ఆ పాత ప్లేట్లలో గాయనులు చెప్పినట్టు, ఆమె పేరు, ఊరు ఆమె నోటనే చెప్పించండి. నూరేళ్ల తర్వాత వినేవారికి ఆ గొంతు ఎవరిదో తెలియాలి.