సందేశములు వ్రాయు ఫోనును బరీక్షించు విధము

కళ్లు, కాళ్లు, కల్లు – ఈ మూఁడు మాటలకుఁ గల భేదమును మా పాఠశాలలోని ఆఱవ తరగతి బాలుఁడు సైతము చెప్పఁగలఁడు. కాని యింగ్లీషు మీటలు మాత్రమే గల ఫోనుపై మన బాలురు వీనిని వ్రాయు విధ మొకటియే: కె, ఎ, ఎల్, ఎల్, యు. ఇంటికడ నున్న తల్లికిఁ గళ్లు నొచ్చుచున్నవని చెల్లెలు వార్త పంపఁగా, పుణె పట్టణమునఁ గట్టడపు పనిలో నున్న యన్న దానిని కాళ్లనొప్పిగాఁ జదివికొని, నూనె రాయుమని బదులు వ్రాసినచోఁ దప్పు చెల్లెలిదా, అన్నదా? ఇద్దఱిదియుఁ గాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వేర్వేఱు జిల్లా లైనవి. అంతకు ముందు మూఁడును మహబూబ్‌నగరు జిల్లాలోనివే. పాలమూరు కూలీ లన్న పేరు ఆనకట్టలు కట్టిన చోట్ల నెల్ల వినఁబడినదే. నేఁటికిని మా విద్యార్థులలోఁ బలువురి తల్లిదండ్రులు హైదరాబాదునకో, ముంబయికో, పుణెకో పనికిఁ బోవుచున్నారు. పూర్వము పోస్టుకార్డు చేసిన పనిని నేఁడు ఫోను చేయుచున్నది. కావున నీ ప్రాంతపు గృహస్థుఁడు ఫోను కొనునపుడు అంగడివాఁడు చెప్పు కెమేరా బలమును, జ్ఞాపకశక్తిని వినుట మంచిదే కాని, వానికి ముం దడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఇంటిలోనివారు దీనిపైఁ దమ భాషలోఁ దామే వార్త వ్రాయఁగలరా? వచ్చిన వార్తను దామే చదువఁగలరా?

ఈ ప్రశ్నను మీటల ఫోనునకును, తెర ఫోనునకును వేసి చూతము. మీటల వరుస మిగులఁ బ్రాఁతది. 1874లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన షోల్స్, గ్లిడెన్‌ల టైపురైటరునుండియే మన మెఱిఁగిన క్వర్టీ వరుస ప్రచారము పొందినది. ఫోనులో వార్త పంపుట దానికి నూఱేండ్లకు మించి తరువాతి మాట. 1992 డిసెంబరు 3వ తేదీన నీల్ పాప్‌వర్త్ అను ఇంజనీయరు ఇంగ్లండులో మొదటి పొట్టి సందేశమును బంపెను. అది క్రిస్మసు శుభాకాంక్ష! అయితే దాని నాతఁడు ఫోనుపైఁ గాక కంప్యూటరు మీటలపై వ్రాయవలసివచ్చినది. అందుకొన్న ఫోనునకు వార్తను జూపుటయే కాని వ్రాయుట చేత కాదు. ఆ కొఱఁతను దీర్చుటకే పిమ్మట ఫోనులకుఁ బూర్తి మీటలు వచ్చెను. 2007లో ఐఫోను వచ్చి మీటల నెల్లఁ దొలఁగించి తెరయే చాలుననెను. రెండును గావలెనన్న వారికొఱకు రెండును గల ఫోనులును వెలసినవి.

అట్టివానిలో మనదేశమున నమ్ముడుపోయిన దొకటి నోకియా ఆశా 303. అది 2011 అక్టోబరులోఁ బ్రకటింపఁబడినది. పైభాగమున 2.6 అంగుళముల తాఁకుడు తెర, క్రింద నింగ్లీషు అక్షరముల పూర్తి మీటలు. 2018 డిసెంబరు 31తో దాని తరగతి ఫోనులకు వాట్సాప్ నిలిచిపోయినది. పూర్తి మీటల ఫోనులు నేఁ డంగళ్లలో నరుదు. అయినను రెండు పద్ధతుల గుణదోషములను ప్రక్కప్రక్కనఁ బెట్టి చూచుట కది తగిన యుదాహరణము.

మీటలకు న్యాయముగాఁ జెప్పవలసినది చెప్పెదము. మీట వ్రేలికిఁ దగులును, నొక్కినపుడు లోనికిఁ బోవును. కన్ను చూడకున్నను వ్రేలికి నమ్మకము కలుగును. చూపు లేనివారికిది చిన్న మేలు గాదు. నేఁటి తెరలో నట్లు గాదు. అద్దముక్రింద సన్నని విద్యుద్వాహక పొర యుండును. మన వ్రేలు తాఁకినపుడు అచ్చటి విద్యుద్భారము కొంచెము మాఱును. ఆ మార్పునుబట్టి యంత్రము చోటును గుర్తించును. అందుచేతఁ దెరపై నీటిచుక్క పడినచో నది తడఁబడును. ఱాళ్లు మోసి, పాఱ పట్టి కాయలు గాచిన వ్రేలిని సైత మొక్కొక్కప్పు డది సరిగా గుర్తింపదు. తల్లి నాలుగుమాఱులు తాఁకినను అక్షరము రాకపోఁగా, ‘నీకు రాదులే’ యని కుమారుఁడు ఫోనును లాగికొనుట మనము చూచుచున్నదే. రానిది తల్లికిఁ గాదు, తెరకు.

ఇంత చెప్పియు మేము తెరవైపే మొగ్గుట కొక్క కారణము కలదు. మీటపై నచ్చువేసిన యక్షర మచ్చటనే యుండును. దానిని మార్చుట యెవరి తరమును గాదు. తెరపై నక్షరము చిత్రము మాత్రమే. నేఁ డింగ్లీషు, మఱునిమిషమునఁ దెలుఁగు, కావలసినచో నుర్దూ. యాఁబదికిఁ బైఁబడిన మన వర్ణమాల యిరువదియాఱు మీటలలో నిముడదు. తెరపైనో, అచ్చు లొక ప్రక్క, హల్లు లొక ప్రక్క, క నొత్తి పట్టిన ఖ – ఇట్లు బడిపలకపై నున్నట్లే యమర్పవచ్చును. ఇంగ్లీషు అక్షరములు కొట్టినఁ దెలుఁగుగా మార్చి చూపు పద్ధతియు నొకటి కలదు. ఇంగ్లీషు వచ్చిన పిల్లల కది వేగమే. కాని తెలుఁగు చదువను వ్రాయను వచ్చిన యమ్మ, తన భాషలో నొకమాట వ్రాయుటకు మొదట నింగ్లీషు వాకిలి దాఁటవలెననుట మాకు న్యాయముగాఁ దోఁపదు.

ఇఁక యంత్రము తెలుఁగును లెక్కించు తీరు వినుఁడు. యూనికోడ్ అను ప్రపంచ లిపిసంకేత పద్ధతిలోఁ దెలుఁగు 1991 నాఁటి మొదటి కూర్పునుండియు నున్నది. ‘స్త్రీ’ యన్నది కంటికి నొక్క యక్షరము. యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు – ఆఱు. మన నాగర్‌కర్నూలు పేరు మఱింత వింత. కంటి కాఱక్షరములు, యంత్రమునకుఁ బదుమూఁడు గుర్తులు. అందొకటి యెవరికిని గనఁబడదు! ‘ర్’ తరువాత నొక యదృశ్యపు గుర్తు నుంచిననే యది పొల్లుగా నిలుచును. ఉంచనిచోఁ గకారము రకారము క్రింద నొత్తుగాఁ జేరి, పేరు నాగర్కర్నూలుగా మాఱును. బస్సు పలకలపై నీ రెండు రూపములును గనఁబడుట కిదియే హేతువు కావచ్చును.

ఈ యదృశ్యపు గుర్తు 2018 ఫిబ్రవరిలో లోకమునకెల్లఁ దెలిసినది. జ, పొల్లు, ఞ, అటుపై నీ గుర్తు, దీర్ఘము – వీని కూర్పగు ఒక్క ‘జ్ఞా’ సందేశముగా వచ్చినంతనే ఐఫోనులలో వార్తలు చూపు ప్రోగ్రాములు కూలిపోయినవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 అను సవరణ విడుదల చేసి దానిని జక్కఁబెట్టెను. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంతటి ఖరీదైన యంత్రమును బడఁగొట్టెనని పత్రికలు నవ్వెను; మేమును నవ్వితిమి. కాని యందుఁ దెలుఁగు తప్పు లేదు. తెలుఁగులో వ్రాయువారు కలరని తలఁచి పరీక్షింపకపోవుటయే తప్పు.

సామాన్యపు పొట్టి సందేశమునకు వేఱొక చిక్కు కలదు. దాని పరిమాణము 140 బైట్లు, అనఁగా 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరమున కేడు బిట్లు చాలును గనుక 160 అక్షరములు పట్టును. తెలుఁగు గుర్తునకుఁ బదునాఱు కావలెను గనుక 70 మాత్రమే పట్టును. వార్తలో నొక్క తెలుఁగక్షరమున్నను మొత్తమునకు నిదే లెక్క. ‘అమ్మకు కళ్లు నొప్పిగా ఉన్నవి’ యన్న వాక్యమును విద్యార్థులు లెక్కింపవచ్చును: కంటికిఁ బదునొకండక్షరములు, యంత్రమునకు ఖాళీలతోఁ గూడ 28 గుర్తులు. ఇట్టివి మూఁడు వ్రాసినచో నొక సందేశము రెండగును. వాట్సాప్ ఉండఁగా నీ లెక్క లేలయని యడుగువారు నల్లమలలోని అమ్రాబాదు వైపు పోయి చూతురు గాక. ఇంటర్నెట్టు అందని చోట సన్నని సంకేత మున్నఁ జాలును, పొట్టి సందేశము చేరును; ఫోను కట్టివేసియున్నను కంపెనీకడ కొంతకాలము కాచుకొనియుండి పిమ్మట వచ్చును.

గద్వాల నేఁతగాండ్ర మాట వేఱు. అంచు ‘పచ్చ’గా నుండవలెనని బేరగాఁడు ఎంత శుద్ధముగాఁ దెలుఁగులో వ్రాసినను, పచ్చ యనఁగా ఆకురంగా, పసుపురంగా యన్న సందేహము తీఱదు. అచ్చట మీటలును వలదు, వర్ణమాలయు వలదు. ఒక చిత్రము చాలును. మాటను దెలుఁగు లిపిగా మార్చు సదుపాయమును గూగుల్ సంస్థ 2017లోఁ దెచ్చినది. గొంతునే సందేశముగాఁ బంపుటయుఁ గలదు. చదువురానివారి కివి యెంతయు నుపకారములు. అయినను మందు పేరు, ఊరి పేరు, డబ్బు మొత్తము గొంతులో విన్నచో మఱల మఱల వెదకవలెను. వ్రాఁతలో నున్నచోఁ జూపులోఁ జిక్కును.

కాఁబట్టి అంగడికిఁ బోవునపుడు తల్లినో, అవ్వనో వెంటఁ దీసికొనిపొండు. ఫోనును గొడుకు చేతి కీయక యామె చేతి కిండు. నాగర్‌కర్నూలు, స్త్రీ, జ్ఞానము, ఋతువు – ఈ నాలుగు మాటలు వ్రాయుమనుఁడు. (ఈ వ్యాసములో మేము వాడు అరసున్నయు, బండి ఱకారమును దొరకునేమో చూడుఁడని యడుగ మనసగుచున్నది గాని, దుకాణదారునిపై దయ తలఁచి మానుచున్నాము.) అక్షరముల పరిమాణము పెంచి, ఆమె కంటికద్దములు లేకయే చదువఁగలదేమో చూడుఁడు. వ్రేలు తడిపి యొకమాఱు, తుడిచి యొకమాఱు తాఁకింపుఁడు. పిమ్మట ఆ నాలుగు మాటలను మీ యింటిలోని మిక్కిలి పాఁత ఫోనునకుఁ బొట్టి సందేశముగాఁ బంపుఁడు. దానిలోఁ దెలుఁగక్షరములు లేనిచో వరుసగా ఖాళీ డబ్బాలు కనఁబడును. అట్లయినచో మార్పవలసిన ఫోను ఏదియో తెలియును. డబ్బాలు గాక నాలుగు మాటలును గనఁబడినచో, అప్పుడు ధర యడుగవచ్చును.