ఐడీ బ్లాక్ అయిందా? ముందు ఆ ఒక్క గంట జాగ్రత్త!

బీటెక్ అయిపోయింది. గ్రూప్స్‌కో, జావా ఫుల్‌స్టాక్‌కో కోచింగ్ నడుస్తోంది. ఇంట్లో మళ్లీ డబ్బులు అడగాలంటే మొహమాటం. బైక్ ఉంది, లైసెన్స్ ఉంది, ఫోన్ ఉంది. సాయంత్రం ఆరింటి నుంచి పదకొండింటి దాకా ఫుడ్ డెలివరీ చేస్తే హాస్టల్ ఫీజు వెళ్లిపోతుంది. అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో మీరుంటున్న హాస్టల్లో ఈ లెక్క వేసుకున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. తప్పు లెక్కేం కాదు. కాకపోతే చాలామంది అందులో వేసుకోని ఖర్చు ఒకటుంది. ఒకరోజు యాప్ తెరిస్తే ఆర్డర్లకు బదులు ‘మీ ఖాతా నిలిపివేశాం’ అన్న ఒక్క లైను కనిపించొచ్చు. రైడర్ల భాషలో దాని పేరు ‘ఐడీ బ్లాక్’. పిలిచి అడిగేవాళ్లుండరు. ఆ వారం పేమెంట్ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లూ దొరకరు.

ఇది నూటికో కోటికో జరిగేది కాదు. జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ 2026 జనవరిలో ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడుతూ, తమ సంస్థ నెలకు సుమారు 5 వేల మంది డెలివరీ పార్ట్‌నర్లను తొలగిస్తుందని చెప్పారు. కారణం ఎక్కువగా మోసాలేనని ఆయన మాట. ఆర్డర్ ఇవ్వకుండానే ఇచ్చినట్టు మార్క్ చేయడం లాంటివి జరుగుతాయి, కాదనలేం. అయితే దానికి కొద్దిరోజుల ముందే, 2025 డిసెంబరు 25న, 31న గిగ్ వర్కర్లు దేశవ్యాప్తంగా చేసిన సమ్మెలో ఇష్టమొచ్చినట్టు ఐడీలు బ్లాక్ చేయొద్దన్న డిమాండ్ కూడా ఉంది. పిలుపునిచ్చిన సంఘాల్లో మన తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఒకటి.

తప్పు చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ వచ్చే మెసేజ్ మాత్రం ఒకటే. నేను తప్పు చేయలేదని చూపించే పని మీదే. ఆ రుజువులు బ్లాక్ అయ్యాక పుట్టవు. అంతకుముందు మీరు దాచుకున్నవే పనికొస్తాయి.

బ్లాక్ ఎందుకవుతుంది?

అన్ని బ్లాకులూ ఒక రకం కావు. క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు చేతిలో పరిమితికి మించి ఉండిపోతే యాప్ ఆర్డర్లు ఆపేస్తుంది. డబ్బు కట్టేస్తే మళ్లీ మొదలవుతుంది. లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ గడువు దాటినా అంతే, కొత్త కాపీ అప్‌లోడ్ చేస్తే చాలు. వీటికి కంగారు పడక్కర్లేదు. మెసేజ్‌లో ‘తాత్కాలికం’ అని ఉందా, ‘శాశ్వతం’ అని ఉందా ముందు చూసుకోండి.

అసలు ఇబ్బంది ‘మోసం’ ఖాతాలో పడినప్పుడు. ఇక్కడ ఇంజినీరింగ్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆండ్రాయిడ్ ప్రాజెక్టు కోసం మీ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ ఆన్ చేసి, మాక్ లొకేషన్ యాప్ ఒకటి వేసి మర్చిపోయి ఉంటారు. డెలివరీ యాప్ కంటికి అది నకిలీ జీపీఎస్. రూట్ చేసిన ఫోన్, ఒకే యాప్‌ను రెండుగా నడిపే క్లోన్ యాప్ కూడా అనుమానం తెచ్చేవే. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నారనుకోండి, పాత యజమాని ఐడీ అదే ఫోన్ మీద గతంలో బ్లాక్ అయి ఉంటే ఆ మచ్చ మీకూ అంటుకోవచ్చు. డెలివరీకి వాడే ఫోన్‌ను ప్రయోగశాల చేయకండి.

రెండోది ఐడీ ఇచ్చిపుచ్చుకోవడం. ‘ఈ రోజు నాకు ఎగ్జామ్ ఉంది, నా ఐడీ మీద నువ్వు తిప్పు’ అని రూమ్మేట్‌కు ఫోన్ ఇవ్వడం స్నేహంగానే ఉంటుంది. కంపెనీ దృష్టిలో అది సూటిగా ఒప్పంద ఉల్లంఘన. అతనికి దారిలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ రాదు. కస్టమర్‌తో గొడవైతే కేసులో పేరు మీది. ఈ కారణంగా పోయిన ఐడీకి అప్పీల్ చేసినా గెలవడం కష్టం.

ఇలా ఐడీలు చేతులు మారకుండా ఉండటానికే యాప్‌లు మధ్యమధ్యలో సెల్ఫీ అడుగుతాయి. ఇక్కడ మరో తలనొప్పి. 2021లో హైదరాబాద్‌లో ఒక క్యాబ్ డ్రైవర్ తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు. యాప్ అడిగిన సెల్ఫీ ఇచ్చాడు. యాప్ అతన్ని గుర్తుపట్టలేదు, ఖాతా ఆగిపోయింది. మనకు నవ్వొచ్చే సంగతే, అతనికి మాత్రం ఆ రోజు నుంచి సంపాదన లేదు. మెషీన్ లెర్నింగ్ సబ్జెక్టులో ‘ఫాల్స్ పాజిటివ్’ రెండు మార్కుల ప్రశ్నగా చదివేసి ఉంటారు. ఇప్పుడు లెక్క వేసి చూడండి. ఉదాహరణకు రోజుకు లక్ష సెల్ఫీలు తనిఖీ చేసే వ్యవస్థ 99 శాతం కచ్చితంగా పనిచేస్తుందనుకుందాం. మిగిలిన ఒక్క శాతం అంటే రోజుకు వెయ్యి మంది. పరీక్షలో 99 వస్తే మనం పార్టీ ఇస్తాం!

కాబట్టి గుండు చేయించుకున్నా, గడ్డం తీసేసినా ప్రొఫైల్ ఫొటో మార్చే వీలుంటే డ్యూటీ ఎక్కకముందే మార్చుకోండి. సెల్ఫీ అడిగితే హెల్మెట్, మాస్క్ తీసి, కెమెరా లెన్స్ తుడిచి, దుకాణం లైటు కిందకు వెళ్లి తీయండి. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర హడావుడిగా తీయకండి.

మొదటి గంటలో..

బ్లాక్ మెసేజ్ కనిపించగానే తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు, లోపలి చాట్, ఆర్డర్ హిస్టరీ మీకు కావాలి. సంపాదన పేజీ, రావాల్సిన మొత్తం, చివరి పది పదిహేను ఆర్డర్లు వరుసగా స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌లో వేసుకోండి. కొన్నాళ్లకు లాగిన్ కూడా పోవచ్చు.

వేరే నంబర్‌తో కొత్త ఐడీ తీయొద్దు. దొరికితే పాతదాని మీద ఉన్న కాస్త ఆశా పోతుంది. చేతిలో కంపెనీ క్యాష్ ఉంటే ‘నా పేమెంట్ ఇస్తేనే ఇస్తా’ అని పట్టుకుని కూర్చోవద్దు. కోపంలో న్యాయంగానే అనిపిస్తుంది గానీ, అప్పటిదాకా అనుమానంగా ఉన్న విషయం కాస్తా ‘డబ్బు వాడుకున్నాడు’ అన్న ఫిర్యాదుగా మారిపోతుంది. కట్టేసి రసీదు దాచుకోండి.

ఇదే సమయానికి వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘బ్రో, రెండు వేలు పంపు, రెండు గంటల్లో అన్‌బ్లాక్’ అంటూ ఎవరో ఒకరు తగులుతారు. ఓటీపీ కూడా అడుగుతారు. ఇవ్వకండి. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అప్పీల్ ఎలా రాయాలి?

విజయవాడలో ఉండే నా జూనియర్ ఒకడికి ‘ఆర్డర్ అందలేదు’ అన్న ఒక్క ఫిర్యాదుతో ఐడీ పోయింది. మొదటి టికెట్‌లో ‘సర్, నేను ఏ తప్పూ చేయలేదు, మాది పేద కుటుంబం, దయచేసి ఐడీ ఆన్ చేయండి’ అని రాశాడు. నిమిషంలో రెడీమేడ్ జవాబు వచ్చి టికెట్ మూసుకుపోయింది. వాడు రాసింది అబద్ధమేం కాదు. అవతల చూసేవాళ్లకు తేల్చడానికి అందులో ఏమీ లేదు, అంతే. రోజుకు వందల టికెట్లు చూసే మనిషికి ఆర్డర్ నంబర్, టైమ్, జత చేసిన ఫొటో కావాలి. అవి ఉంటే నిర్ణయం మార్చడానికి అతని చేతిలో ఒక కారణం ఉంటుంది.

రెండోసారి ఇలా రాయించాను. మీ వివరాలు పెట్టి వాడుకోండి:

‘నా పేరు ఫలానా, పార్ట్‌నర్ ఐడీ ఫలానా. ఫలానా తేదీ రాత్రి 9.40కి నా ఖాతా బ్లాక్ అయింది. ఫలానా నంబర్ ఆర్డర్ అందలేదన్న ఫిర్యాదు కారణమని చూపిస్తోంది. సెక్యూరిటీ లోపలికి పంపనందున 9.08కి కస్టమర్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పిన ప్రకారం 9.12కి గేటు దగ్గర పార్సిల్ అప్పగించాను. కాల్ స్క్రీన్‌షాట్, గేటు దగ్గర పార్సిల్ ఫొటో జత చేశాను. ఒప్పందంలోని ఏ నిబంధన కింద ఈ చర్య తీసుకున్నారో తెలియజేసి, మా టీమ్ లీడర్ కాకుండా వేరే అధికారితో పునఃసమీక్ష చేయించగలరు. ఈ వారం నాకు రావాల్సిన మొత్తాన్ని విడుదల చేయగలరు.’

ఆరు రోజులకు ఐడీ తిరిగొచ్చింది. అందరికీ వస్తుందని చెప్పలేను. వాడికి కలిసొచ్చింది గేటు దగ్గర తీసిన ఆ ఫొటో. యాప్ నుంచి వెళ్లే కాల్‌లో కస్టమర్ అసలు నంబర్ కనిపించకపోయినా ఫర్వాలేదు, టైమ్ కనిపిస్తే చాలు. ఫొటోలో పార్సిల్, గేటు రావాలి. కస్టమర్ మొహం తీయకండి, అది ఇంకో గొడవ.

యాప్‌లో టికెట్ మూసేస్తే ఒప్పందంలో ఇచ్చిన ఫిర్యాదుల మెయిల్‌కు టికెట్ నంబర్‌తో సహా ఇదే రాయండి. ఫోన్‌లో ఎవరైనా హామీ ఇస్తే ‘ఇప్పుడే మీరు ఇలా చెప్పారు’ అని వెంటనే మెసేజ్ పెట్టండి. కదలిక లేకపోతే యూనియన్‌ను కలవండి. కంపెనీకి ఒక్కడు రాసే మెయిల్ కంటే సంఘం తీసుకెళ్లే ఇరవై కేసుల జాబితా బరువెక్కువ. ఉచిత న్యాయ సలహాకు న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100 ఉంది. కొందరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామంటారు. ఈ వ్యవహారంలో మీరు కస్టమర్ కాదు కదా.

చట్టం ఎంతవరకు?

నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో గిగ్ వర్కర్లు 77 లక్షలు. 2029-30కి 2.35 కోట్లు అవుతారని అంచనా. ఇంతమందీ ‘పార్ట్‌నర్లే’. ఉద్యోగులు కారు కాబట్టి ఉద్యోగిని తీసేటప్పుడు పాటించాల్సిన నియమాలు వీళ్లకు వర్తించవన్నది కంపెనీల వాదన. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్-2020 గిగ్ వర్కర్‌ను గుర్తించింది. కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలంటోంది. బీమా లాంటి వాటికి అది ఆధారం. ఐడీ బ్లాక్‌కు మందు అందులో లేదు.

ఆ మందు కర్ణాటక 2025 చట్టంలో కొంత ఉంది. సరైన కారణం రాతపూర్వకంగా చెప్పి, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా వర్కర్‌ను తొలగించకూడదు. వివాదాలు తేల్చడానికి కంపెనీలో అంతర్గత కమిటీ ఉండాలి. బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటూ రైడ్ చేస్తున్న మనవాళ్లు అప్పీల్‌లో ఈ చట్టం పేరు తప్పకుండా రాయండి. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. ఐరోపా సమాఖ్య ఇంకో అడుగు ముందుకేసింది. ఖాతా ఆపే నిర్ణయం సాఫ్ట్‌వేర్ కాకుండా మనిషే తీసుకోవాలన్న ఆదేశాన్ని సభ్య దేశాలు 2026 డిసెంబరు 2లోగా తమ చట్టాల్లోకి తేవాలి. మన దగ్గర అడగాల్సింది కూడా ఇదేనని నా అభిప్రాయం. కంప్యూటర్ అనుమానించొచ్చు, శిక్ష మాత్రం మనిషి చదివాకే వేయాలి.

చేరే ముందే..

ఒప్పందాన్ని ‘ఐ అగ్రీ’ నొక్కేముందు పీడీఎఫ్‌గా దాచుకోండి. ఖాతా రద్దు, బకాయిల చెల్లింపు, వివాదం వస్తే ఏ నగరంలో తేల్చుకోవాలి.. ఈ మూడు పేరాలైనా చదవండి. వీలైతే రెండు యాప్‌లలో ఐడీ తీసుకోండి. డెలివరీ సంపాదనను నమ్ముకుని కొత్త బైక్ ఈఎంఐలో తీసుకోవద్దు. ఐడీ ఆగినా ఈఎంఐ ఆగదు. పదిహేను రోజుల ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన ఉండేలా చూసుకోండి. ఈ-శ్రమ్ పోర్టల్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా నమోదు చేసుకోండి. యాప్ మారినా ఆ నంబర్ మీదే, సందేహాలుంటే 14434కి ఫోన్ చేయొచ్చు.

ఎమ్మెస్ కోసం విదేశాలకు వెళ్లే ఆలోచనలో ఉన్నవాళ్లకు ఇంకో విషయం. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు స్వయం ఉపాధి చేయకూడదు. డెలివరీ యాప్‌లలో రైడర్‌గా చేయడం సాధారణంగా దాని కిందకే వస్తుంది, వారానికి 20 గంటల లోపు చేసినా సరే. ‘మా సీనియర్ ఐడీ అద్దెకిస్తాడు’ అన్న మాట అక్కడికి వెళ్లిన మొదటి వారంలోనే వినిపించొచ్చు. అక్కడ దొరికితే పోయేది ఐడీ ఒక్కటే కాదు, వీసా కూడా. వెళ్లే ముందే మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి మెయిల్ పెట్టి, ఏ పనులు చేయొచ్చో రాతపూర్వకంగా తెలుసుకోండి.