ఎర్తు లేని మైకు

విజయవాడలో ఆర్కెస్ట్రాలకు గిటారు వాయిస్తాను. వినాయకచవితి, దసరా వచ్చాయంటే గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ వైపు ఊళ్లలోనే మా ప్రోగ్రాములు. పందిరి పక్కనే పంటకాలువ, స్టేజి కింద చెమ్మ ఆరని మట్టి. కరెంటు స్తంభం నుంచి చాలాచోట్ల రెండు తీగలే లాగుతారు. మూడోది, ఎర్తు, ఉండదు. అందుకే గిటారు తీగల మీద చెయ్యి వేయకముందే మైకు జాలీకి టెస్టర్ ఆనిస్తాను. లోపలి బల్బు సన్నగా మినుకుమన్నా ప్రోగ్రాం ఆగాల్సిందే. కమిటీవాళ్లు తొందరపెడితే లెస్ హార్వే సంగతి చెబుతాను.

లెస్‌ది స్కాట్లాండులోని గ్లాస్గో. ఆయన, గాయని మ్యాగీ బెల్ కలిసి నడిపిన బ్లూస్ రాక్ బ్యాండు ‘స్టోన్ ద క్రోస్’. లెడ్ జెప్లిన్‌ మేనేజరు పీటర్ గ్రాంటే వీళ్లకూ మేనేజరు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో, జనం చూస్తుండగానే, లెస్ ఎర్తు లేని మైకును తాకాడు. షాకు కొట్టి ప్రాణం పోయింది. అప్పటికి 27 ఏళ్లు.

ఎలక్ట్రిక్ గిటారు తీగలు కేబుల్ గుండా ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. ఒక చెయ్యి వాటి మీద ఉండగా రెండో చెయ్యి కరెంటు పారుతున్న మైకుకు తగిలిందంటే, ఆ కరెంటు గుండె మీదుగానే దాటుతుంది. చేతులు చెమటతో తడిసి ఉంటే మరీ ప్రమాదం. ఎర్తు బాగుంటే లీకైన కరెంటుకు భూమిలోకి దారి దొరుకుతుంది. 30 మిల్లీయాంపియర్ల లీకుకే సప్లై ఆపేసే ఆర్‌సీసీబీ ఇప్పుడు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతోంది. ప్రతి పందిట్లోనూ అది ఉండి తీరాలంటాను.

లెస్ పోయిన నెలలోనే ఇంగ్లండులోని లింకన్ దగ్గర పెద్ద ఫెస్టివల్ ఉంది. ఆ పూటకు ‘యెస్’ బ్యాండు గిటారిస్టు స్టీవ్ హౌ వచ్చి వాయించాడు. తర్వాత జిమ్మీ మెకలక్ చేరాడు. పదహారేళ్లకే బ్రిటన్‌లో నంబర్‌వన్ అయిన పాటకు వాయించిన కుర్రాడు, చెయ్యి తిరిగినవాడు. సగంలో ఉన్న నాలుగో ఆల్బం ‘ఆంటిన్యువస్ పెర్ఫార్మెన్స్’ అతనితోనే పూర్తయింది.

అయినా బ్యాండు నిలవలేదు. మా ఆర్కెస్ట్రాలో గిటారిస్టు రాకపోతే ఇంకొకర్ని పిలుస్తాం. సినిమా పాట కాబట్టి ఎవరొచ్చినా అదే వాయిస్తారు. సొంత పాటలు కట్టుకునే బ్యాండులో పాట ఆ మనుషుల మధ్యే పుడుతుంది. పైగా మ్యాగీ పోగొట్టుకున్నది గిటారిస్టును ఒక్కణ్నే కాదు, ప్రేమించిన మనిషిని. అదే స్టేజి ఎక్కి రోజూ పాడటం ఎంత కష్టమో ఊహించగలను. 1973లో అందరూ విడిపోయారు. మరుసటి ఏడాది మెకలక్ పాల్ మెకార్ట్నీ బ్యాండు ‘వింగ్స్‌’లో చేరాడు, మ్యాగీ ‘క్వీన్ ఆఫ్ ద నైట్’ పేరుతో సొంత ఆల్బం తెచ్చింది.